పిట్టలమ్మే ఆయన, బొగ్గు గనుల ఆవిడ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను వన్యప్రాణుల రక్షణ కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం చేసేదాన్ని. విదేశంలోని ఒక సంపన్న కుటుంబం ఇచ్చే విరాళంతోనే మా పనులన్నీ నడిచేవి. ఎక్కడో చలిదేశంలో ఉన్నవాళ్లకు మన పిట్టల మీద ఇంత శ్రద్ధ ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

ఒకసారి ఆ ఇంటి పెద్దావిడే వచ్చింది. మా ఇల్లు సైదాబాద్‌లో కాబట్టి దారులు తెలుసని నన్ను తోడు పంపారు. మాదన్నపేట మార్కెట్ పక్కన ఒకాయన అడవి పిట్టల్ని పట్టి తెచ్చి అమ్మేవాడు. పంజరం నిండా కిక్కిరిసిన పిట్టలు. చిలకల్లా కనిపించాలని కొన్నింటికి ఆకుపచ్చ రంగు కూడా పూశాడు.

"అన్నీ కొని వదిలేద్దామా?" అంది ఆవిడ. నేను తెలుగులో చెప్పాను.

ఆయన నవ్వాడు. "కొనుండ్రి. రేపు పొద్దుగాల పోయి మల్ల పట్టుకొస్త. గీ పని బంద్ చెయ్యాలంటే ఇంకో పని ఉండాలె గదా!" తర్వాత నావైపు తిరిగి, "గీ పిట్టల కోసం గంత దూరం నుంచి వచ్చిందా? ఏందక్కా ఆమె సంగతి?" అన్నాడు.

నేను ఇన్నాళ్లూ అడగలేకపోయిన ప్రశ్న అది. ఆయన మాటగానే అడిగేశాను.

ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. వాళ్ల తాతలకు బొగ్గు గనులుండేవట. లోపల విషవాయువు ఉంటే తెలియాలని కార్మికులు పంజరంలో చిన్న పిట్టను పెట్టుకుని దిగేవారట. పిట్ట పడిపోతే మనుషులు పైకి పరుగెత్తేవారు.

"మా ఆస్తి అంతా ఆ బొగ్గుదే. ఇప్పుడు దాన్ని అడవులకూ, పొగ తగ్గించే పనులకూ పెడుతున్నాం," అంది.

ఆయన పంజరం వైపు చూశాడు. "మనుషులు బతకాలని పిట్టను సంపిండ్రా," అన్నాడు మెల్లగా. తర్వాత, "నాకు ఆటో నడపొస్తదని చెప్పక్కా," అన్నాడు.

కొన్ని నెలలకు ఆవిడ ఇచ్చిన డబ్బుతో ఆయనకు ఆటో వచ్చింది. గ్యాస్‌తో నడిచేదే కావాలని ఆవిడ పట్టుబట్టింది. ఆయన మాకు అప్పగించిన పిట్టల్ని మా సంస్థ పశువుల డాక్టరు సాకి, రంగు పూసిన ఈకలు రాలి కొత్తవి వచ్చాక ఊరి బయట పొదల్లో వదిలాడు. తలుపు తీసినా కొన్ని బయటికి రాలేదు. వాటి కోసం సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం.

అయితే మార్కెట్లో ఆయన చోటు ఖాళీగా ఉండలేదు. వాళ్ల బావమరిది పంజరాలతో వచ్చి కూర్చున్నాడు. మా కష్టమంతా వృథా అయిందనుకున్నాను. ఒకరోజు ఆటో మా ఆఫీసు ముందు ఆగింది. వెనక సీట్లో ఆ బావమరిది ముడుచుకుని కూర్చున్నాడు.

"నేను చెప్తే ఇంటలేడక్కా," అన్నాడు ఆటో ఆయన. "ఆ బొగ్గు ముచ్చట నువ్వే చెప్పు."

ఇద్దరినీ లోపలికి పిలిచి టీ తెప్పించాను.