అమ్మకు భయపడిన దినాలు

నా చిన్నప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడింది మా అమ్మకు. బతికి ఉన్నప్పుడు కాదు, పోయినంక. బతికి ఉన్నప్పుడు ఆమెకు భయపడే ప్రాణి మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆమె అదిలిస్తే మా కోళ్ళు కూడా పక్కకు జరిగేవి కావు.

మాది తనకల్లు పక్కన మెట్టపొలాల ఊరు. వానొస్తే చెనక్కాయ పండేది, రాకుంటే ఎండేది, అంతే మా బతుకు. మా అమ్మ రెండో కానుపులో పోయింది. ఆ బిడ్డ కూడా దక్కలేదు. నాకప్పటికి ఇంకా బడి ఈడు రాలేదు. ఏం జరిగిందో నన్ను కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఒకే ఒక మాట చెప్పింది. కానుపులో పోయిన మనిషికి బిడ్డ మీద ఆశ తీరదంట. ఇంట్లో ఆమె మాటెత్తితే వినపడతాదంట. సందకాడ అమ్మా అని ఏడిస్తే వచ్చి ఎత్తుకపోతాదంట. అవ్వ చెడ్డ మనిషేం కాదు. ఉన్న ఒక్క పిల్ల కూడా యాడ పోతాదోనని ఆమె దడ ఆమెది. వాకిలికి యాపమండలు కట్టింది, నా తల కింద కొడవలి పెట్టింది, అమ్మ చీరలన్నీ వాళ్ళకూ వీళ్ళకూ పంచేసింది. ఇంక మా నాయన సరేసరి, నోరు కుట్టేసినట్టు తిరిగేవాడు.

దాంతో ఏమైందంటే, నా మనసులో అమ్మ మొహం కొద్దికొద్దిగా మారిపోయింది. మొదట్లో నాకు తెలిసిన మొహమే. పోను పోను జుట్టు విరబోసుకొని, నన్ను రమ్మని చెయ్యి చాపే మొహం. వీధిలో పిల్లోళ్ళు ఆడుకుంటా అమ్మా అని అరిస్తే చెవులు మూసుకొని ఇంట్లోకి ఉరికేదాన్ని. తలుచుకుంటే వస్తాదని, తలుచుకోకుండా ఉండేదానికి ఎన్ని తంటాలు పడినానో. నిద్రలో పలవరిస్తానేమోనని నోట్లో గుడ్డ కుక్కుకొని పండుకునేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల గుర్తొస్తే నా మీద నాకే జాలేస్తాది.

ఒక దినం పొద్దుగూకే వేళ. నాయన చేన్లో ఉన్నాడు, అవ్వ బిందె ఎత్తుకొని బోరింగు కాడికి పోయింది. నేనొక్కదాన్నే అరుగు మీద కూర్చొని ఉన్నాను. వీధి చివర నుంచి ఎవరో ఆడమనిషి వస్తాంది. పొద్దు వెనక నుంచి కొట్టి మొహం కనపడలేదు, చీర మాత్రం కనపడింది. ఆకుపచ్చ చీర, నల్లంచు. మా అమ్మ చీర. నేరుగా మా వాకిట్లోకే వస్తాంది.

అరుద్దామంటే ఎట్లా అరిచేది? అరిస్తే అమ్మా అనే గదా నోట్లో నుంచి వచ్చేది, ఆ మాటకే గదా ఆమె వచ్చేది! లేచి పెరట్లోకి ఉరికినాను. కాయ కోసినంక పశువులకని పేర్చిన చెనక్కాయ కట్టె వామి వెనక దూరినాను. ఆ ఏడు వాన లేక అది నా నడుమెత్తు కూడా లేయలేదు. కూర్చుంటే తల కనపడతాది, పండుకుంటే కాళ్ళు కనపడతాయి. అందులో తేళ్ళుంటాయని నాకు ఎరుకే, అయినా మొహం ఆ కట్టెలోకి దూర్చి కండ్లు మూసుకున్నాను. అడుగుల చప్పుడు ఇల్లు దాటుకొని పెరట్లోకి వచ్చింది. నన్ను పేరు పెట్టి పిలిచింది. నా పావడ తడిసిపోయింది.

వచ్చింది మా పక్కింటి అక్క. మా అమ్మకు జతకత్తె, కలుపుకు పోయినా కట్టెలకు పోయినా ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు. అవ్వ చీరలు పంచేటప్పుడు ఆ ఆకుపచ్చది తనకు కావాలని అడిగి తీసుకునిందంట, నాకు తెలియదు. మా ఇంట్లో సంగటిలోకి ఏముందో ఏమోనని ఊరుబిండి గిన్నె పట్టుకొని వచ్చింది, పాపం. నా భుజం మీద చెయ్యి వేసేసరికి నేను కండ్లు తెరవకుండానే, నేను పిలవలేదు, నేను తలుచుకోలేదు, నన్ను తీసుకపోవద్దు అని మొక్కడం మొదలుపెట్టినాను. అక్కకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత తన ఒంటి మీద చీర చూసుకునింది. అంతే, ఆడనే చతికిలబడిపోయింది.

ఇంకొకరైతే పకపకా నవ్వేవాళ్ళు, లేకుంటే పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు. అక్క నన్ను ఒళ్ళోకి లాక్కొని, మొహానికి అంటిన దుమ్మంతా కొంగుతో తుడిచి, ఎవరూ అడగని మాట అడిగింది.

"మీ అమ్మకు దేనికి భయమో తెలుసునా మే నీకు?"

నేను బిత్తరపోయినాను. దెయ్యానికి భయమేంది?

"తొండకు భయం! చేన్లో తొండ తలకాయ ఊపితే చాలు, గంప ఆడ పారేసి ఈడొచ్చి పడేది. చీకటంటే ఇంకా భయం. సందకాడ బయలుకు పోవాలంటే నేను తోడున్నా చాలదు, నిన్ను సంకనేసుకొని వచ్చేది. పిల్లనెందుకే తెచ్చినావంటే, ఇది ఉంటే నాకు ధైర్యం అనేది. అట్లాంటి పిరికిది, ఒక్కతే ఇంత దూరం యాడొస్తాదే?"

అంటానే అక్క నవ్వింది, నవ్వుతానే ఏడ్చింది. నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. చీకట్లో అమ్మ సంకలో నేను, నా చెవికి ఆనుకొని ఆమె గుండె దబదబా కొట్టుకోవడం. నన్ను ఎత్తుకొని ధైర్యం తెచ్చుకున్న మనిషికా నేను ఇన్నాళ్ళూ భయపడి చస్తాండేది అనిపించింది. గట్టిగా, వీధికంతా వినపడేటట్టు, అమ్మా అని ఏడ్చినాను. ఏమీ కాలేదు. అక్క నా వీపు నిమురుతానే ఉండింది.

ఆ మాపు సంగటి తినేటప్పుడు నేను కావాలనే అన్నాను, నాయనా, అమ్మకు తొండంటే భయమంట గదా అని. అవ్వ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాయన తల ఎత్తలేదు. తిడతాడో, కొడతాడో, కంచం ముందు నుంచి లేచిపోతాడో అని చూసినాను. వంచిన తల వంచినట్టే పెట్టుకొని అన్నాడు.

"తొండకేమి, బొద్దింకకు గూడా. పెండ్లైన కొత్తలో బొద్దింకను చూసి అటకెక్కి కూసునింది. ఎంత బతిమాలినా దిగనంటాది."

నవ్వబోయినాడు గానీ కుదరలేదు, తుండుగుడ్డతో మొహం మూసుకున్నాడు. అవ్వ నన్ను కసిరేదానికి లేచిందనుకున్నాను. లేచి వచ్చి నాయన పక్కన కూర్చొని, ఉరిమితే నా దుప్పట్లోకి దూరేది పిచ్చిది, అనింది. ఎన్ని నెలల మాటలో, ముగ్గురం ఒకరి మీద ఒకరం పడి చెప్పుకున్నాం. సంగటి చల్లారిపోయింది. నా తల కింద కొడవలిని అవ్వే తీసి చూరులో చెక్కింది.

ఇప్పుడు నేను మనవరాళ్ళున్న ముసలిదాన్ని. తల్లి పోయిన పిల్లలకు మర్చిపో, తలుచుకోవద్దు అని బుద్ధులు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండతాది. ఏం మనుషులప్పా! అందరూ నోరు మూసుకుంటేనే గదా నాకు మా అమ్మ దెయ్యమైంది. పక్కింటి అక్క పోయి ఎంతో కాలమైంది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నాతోనే ఉంది, అవసరమైన కాడికి మోసుకొని పోతాంటాను.

మొన్న మా వీధిలోనే ఒక చిన్న వయసు తల్లి పోయింది. ఆమె కూతురు నీళ్ళ డ్రమ్ము వెనక నక్కి కూర్చొని ఉంది. వచ్చినోళ్ళు ఆ బిడ్డ చేతికి సెల్లు ఇచ్చి బొమ్మలు చూసుకో పో అంటాండారు. నేను మోకాళ్ళు పట్టుకొని, ఉస్సురంటా ఆ బిడ్డ పక్కనే కూర్చున్నాను. మీ అమ్మకు దేనికి భయం పాపా అని అడిగినాను.

ఆ బిడ్డ నన్నే చూసింది. సెల్లు పక్కన పెట్టింది.

"నాకు జరమొస్తే" అనింది.

ఆ బిడ్డ తల నిమిరి, జరమొస్తే ఏం చేసేది అమ్మ అని అడిగినాను. ఆ బిడ్డ నా ఒళ్ళోకి జరిగి చెప్పడం మొదలుపెట్టింది, బయట సందె చీకట్లు పడినా ఆపలేదు.