రాగి గని డైరెక్టరు

ఆఫ్రికాలో ఒక రాగి గనికి నేను పదకొండు నెలలు డైరెక్టరుని. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే మాత్రం తడుముకునేవాణ్ణి.

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాలు. న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో అద్దె ఫ్లాట్, ఊళ్లో కంపెనీలు రిజిస్టరు చేసిపెట్టే ఆఫీసులో గుమాస్తా పని. అక్కడే ఉండిపోవడానికి రెసిడెన్సీకి అప్లై చేసుకుని, దానికి మా బాసు ఇవ్వాల్సిన ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాను. ఒకరోజు ఆయన కొన్ని కాగితాలు నా ముందు పెట్టాడు. గని అసలు యజమానులకు పేర్లు బయటపడటం ఇష్టం లేదట, సంతకం పెట్టడం తప్ప నాకు పనేమీ ఉండదట. అడ్రసు కూడా మా ఇంటిదే రాయించాడు. నోరు మూసుకుని సంతకం పెట్టాను.

అక్కడితో ఊరుకున్నానా? బావమరిది పెళ్లి శుభలేఖలో నా పేరు కింద 'డైరెక్టర్, మైనింగ్ కంపెనీ, న్యూజిలాండ్' అని వేయించాను. మా ఆవిడ ఆ శుభలేఖను ఫ్రిజ్ మీద అంటించింది.

ఆ ఫ్రిజ్ పక్కనే నిలబడి, ఒకరోజు ఆఫ్రికా నుంచి నా పేరిట వచ్చిన ఉత్తరం చదివాను. గని దగ్గర ఊళ్లోని బడిపంతులు రాశాడు. మంత్రిగారి తమ్ముడు వచ్చి పొలాలు మీ కంపెనీవన్నాడు, ఎదురడిగిన వాళ్లను పోలీసులు కొట్టారు, వాగు నీళ్లు రంగు మారాయి, పిల్లలకు ఒళ్లంతా పుళ్లు. రాజధానికి పోయి కాగితాలు తీయిస్తే దొరికిన పేరు మీదొక్కటే, దయచేసి పని ఆపించండి అని రాశాడు.

సిగ్గేసింది. నిజం చెప్పాలంటే భయమే ముందు వేసింది.

మర్నాడు ఆఫీసుకు పట్టుకెళ్లి ఇస్తే, బాసు ఆ ఉత్తరం చదివి సొరుగులో పెట్టాడు. నా చేత డైరెక్టరు పదవికి రాజీనామా రాయించి, ఉత్తరం రాకముందటి తేదీ వేయించాడు. రెసిడెన్సీ ఉత్తరం అదే పూట చేతిలో పెట్టి అడిగాడు.

"మీవాళ్లలో నీలాంటి నెమ్మదస్తులు ఇంకెవరైనా ఉన్నారా?"

మా కింది ఫ్లాట్‌లో గుంటూరు నుంచి వచ్చిన దంపతులుండేవారు. ఎక్కడైనా పని చూడమని ఆయన నన్ను రోజూ బతిమాలేవాడు. ఆయన పేరు చెప్పాను. పంతులు సంగతి ఆయనకు చెప్పలేదు. పంతులుకు జవాబూ రాయలేదు.

వారం తిరక్కుండా ఆయన భార్య బొబ్బట్లు తెచ్చింది. ఫ్రిజ్ మీది శుభలేఖ కాసేపు చూసింది.

"మా చెల్లి పెళ్లికి ఈయన పేరు కింద కూడా ఇలాగే వేయించొచ్చా అన్నయ్యగారూ?"

వేయించొచ్చమ్మా అన్నాను. బొబ్బట్లు ఇంకా వేడిగా ఉన్నాయి. రెండు తిన్నాను.