నాయిక వాటా

మా అత్తయ్యకు ఉన్నది ఒక్కటే పిచ్చి. నవల్లో ఆడమనిషి అన్నం తినకపోతే పేజీ తిప్పేది కాదు.

ఆమెది దర్జీ కొట్టు. మధ్యాహ్నం కుట్టుమిషన్లు ఆగగానే, దారాల నూగు ఎండలో ఇంకా తేలుతుండగానే, అందరూ డబ్బాలు విప్పేవారు. అత్తయ్య తన డబ్బా పక్కన పెట్టి, అట్ట ఊడిన పాత నవల విప్పేది. లోకమంతా నెత్తిన పెట్టుకున్న నవల. హుక్కులు కుట్టే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివేది. నాలుగు వాక్యాలకే కళ్లజోడు కిందికి జారేది, కోపం పైకి ఎక్కేది.

"మళ్లీ వడ్డించింది! మామకు వడ్డించింది, మొగుడికి వడ్డించింది, దారిన పోయేవాణ్ణి పిలిచి మరీ వడ్డించింది. తను తిన్నట్టు ఒక్క ముక్క రాశాడా ఆ మహానుభావుడు? ఇది మనిషా, గరిటెకు పేరు పెట్టాడా?"

"త్యాగమూర్తి కదండీ," అన్నాడు కటింగ్ మాస్టరు, ముద్ద మింగుతూ.

"త్యాగమా? ఏదీ, నీ డబ్బా ఇలా తే. సాయంత్రం దాకా నువ్వూ మూర్తివై కూర్చో."

మాస్టరు డబ్బాను చంటిపిల్లలా గుండెకు హత్తుకున్నాడు.

ఆ రోజుల్లోనే కాజాలు కుట్టడానికి ఒకావిడ చేరింది. అందరికీ కాజాల వదిన. డబ్బా తెచ్చుకునేది కాదు. "ఇంట్లో మగాళ్లు తినందే నేను తిననండీ, అలవాటే," అని నవ్వేది. పొద్దు వాలేసరికి కళ్లు తిరిగేవి. ఒకసారి సూది వేల్లోకే దిగింది. మేం ఏం పెట్టబోయినా "ఆకలి లేదు" అనేది.

అత్తయ్య ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. నవల మీద విరుచుకుపడింది. మర్నాడు నిండు కంచం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదెవరికండీ?" అన్నాడు మాస్టరు.

"నాయికకి. వాడు పెట్టలేదుగా, నేను పెడుతున్నా. ఆవిడ తింటేగానీ పేజీ తిప్పను."

"పుస్తకంలో మనిషి ఎలా తింటుందండీ?"

"అదీ నిజమే. ఆవిడ తరఫున ఎవరో ఒకరు తినాలి. కాజాల వదినా, నువ్వు రా."

"నాకు ఆకలి..."

"నీకెవరు పెట్టారు? అది ఆవిడ వాటా. ఊఁ, త్వరగా కానియ్యి, అక్కడ నాయకుడు పడవెక్కి కూర్చున్నాడు."

"తినమ్మా తల్లీ, పడవ కదలాలి!" అని మొత్తుకున్నాడు మాస్టరు.

వదిన తల వంచుకుని తిన్నది. పడవ కదిలింది. ఇక రోజూ అదే తంతు.

ఒకరోజు నేను పుస్తకంలోకి తొంగిచూశాను. నాయకుడు ఏటి గట్టున ఒంటరిగా నిట్టూరుస్తున్నాడు. ఆ ప్రకరణంలో నాయికే లేదు.

"అత్తయ్యా, ఇందులో భోజనమే లేదు!"

"ఉండదు. అందుకే నేను పెడుతున్నా. నోరు మూసుకుని హుక్కులు కుట్టు."

నాకూ ఒళ్లు మండింది. అతని నిట్టూర్పులకు పేజీలకు పేజీలు దొరికాయి. ఆమె ఆకలికి ఒక్క పంక్తి దొరకలేదు.

నవల చివరికొచ్చిన మధ్యాహ్నం, కాజాల వదిన సంచిలోంచి కొత్త డబ్బా తీసింది.

"ఎన్నాళ్లని ఆవిడ వాటా తింటాను? ఇవాళ వండగానే నాది ముందు తీసేసుకున్నా."

"ఇంట్లో ఏమన్నారు?" అన్నది అత్తయ్య.

"ముఖాలు మాడ్చుకున్నారు. మాడనివ్వండి."

నాయిక కంచం మిగిలిపోయింది. మాస్టరు చెయ్యి చాచాడు. అత్తయ్య కత్తెర చూపించి, కంచం లాక్కుని, గబగబా తినసాగింది. అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్లూ ఆ కంచంలోకి వెళ్లింది అత్తయ్య డబ్బానేనని.

మాస్టరుకూ తట్టినట్టుంది. "త్యాగమూర్తి!" అన్నాడు మెల్లగా.

నోటినిండా అన్నంతో తిట్టలేక, అత్తయ్య పుస్తకం నా ఒళ్లోకి విసిరింది. నేను గొంతు సవరించుకుని చదివాను.

"నాయిక ముందు తాను తిని, తీరిగ్గా చెయ్యి కడుక్కుని, తర్వాత వెళ్లి తలుపు తీసింది."

"అలా రాశాడా?" అన్నాడు మాస్టరు అనుమానంగా.

"రాశాడు," అని పేజీ తిప్పేశాను.