చిటికెనవేలి చేను

సత్యకుమారి పొద్దున్నే లేసు పనికి కూర్చునే ముందు మూడుసార్లు చేతులు కడుక్కుంటుంది. మూడోసారి కుంకుడు రసంతో. తెల్లటి లేసుకు రంగంటితే నరసాపురం ఏజెంటు వెనక్కి పంపేస్తాడు. ఒకసారి టేబుల్ గుడ్డకు ఆకుపచ్చ అంటి నెల్లాళ్ళ పని పాడైంది కూడా.

ఆ రంగు పాస్టెల్ సుద్దలది. అక్క కూతురు దేవిశ్రీ బొమ్మల చదువు ముగించుకుని, మిగిలిన పెట్టె ఆమెకిచ్చింది. "ఇంప్రెషనిస్టు చిత్రకారుల్లా వెయ్యి పిన్నీ. గీతలొద్దు, వెలుతురు వెయ్యి," అంది. గుడ్డ పాడైనప్పట్నుంచి లేసుతో పనిలేని కుడి చిటికెనవేలితోనే సత్యకుమారి రంగులు మెదుపుతుంది.

ఈ దాళ్వా పంటకి ఆమెకు తొందర పట్టుకుంది. కాలవ అవతలి చేనులో, కోత కాగానే, మరిది దొరబాబు చేపల చెరువు తవ్వించబోతున్నాడు. కాపురానికొచ్చిన నాటి నుంచి లేసు మీంచి తలెత్తినప్పుడల్లా ఆమె చూసింది ఆ చేనునే. పండిన వరి మీద మంచు ఆరేలోగా కనబడే రంగు అరగంటే ఉంటుంది. పదకొండు పొద్దులు, అరగంట చొప్పున వేసింది. పసుపు సుద్ద గోరంత మిగిలింది.

కోత మిషన్ దిగిన రోజు దొరబాబు టీకని వచ్చి, అరుగు మీది బొమ్మ మీదకు వంగాడు.

"ఇదేంటొదినా, పప్పు ఒలికిందా?"

"మన చేనయ్యా."

"చేనా! గట్టేది? నీళ్ళ బోదేది? సర్వేయరు చూస్తే పారిపోతాడు."

"మీద పడి చూస్తే ఏం కనపడుద్ది? వెనక్కెళ్ళు."

నవ్వుతూనే వెనక్కి నడిచాడు. మెట్లు దిగి వీధి మధ్యకు వెళ్ళాడు. ఎవరో బెల్లు కొట్టి సైకిల్ పక్కకు తిప్పుకున్నారు. నవ్వు ఆగిపోయింది.

"గట్టుంది," అన్నాడు. "నాన్న అన్నం కేరేజీ విప్పుకునే చోటు కూడా ఉందొదినా."

"తవ్వకం ఆపుతావా మరి?"

"ఎలా ఆపను? చుట్టూ చెరువులే. ఊట దిగి వరి నిలవట్లేదు." అరుగెక్కి టీ గ్లాసు తీసుకున్నాడు. "బొమ్మ నాకిస్తావా?"

ఆమె తన చిటికెనవేలు చూసుకుంది.

"అద్దం వేయించు. గుడ్డెట్టి తుడిచావంటే చేనంతా ఊడొచ్చేస్తుంది."

ఆ బొమ్మ ఇప్పుడు దొరబాబు ఇంట్లో, వీధిలోంచి చూసినా కనబడే గోడకుంది. సత్యకుమారి ఈమధ్య చెరువు వేస్తోంది. పెట్టెలో నీలం సుద్ద ముందుగా అరిగిపోతోంది.