మంచు మీద వేసిన నింద

వెలిచ్కా పిన్ని యాభై రెండేళ్లు మగ్గం ముందు కూర్చున్న మనిషి. మా కొండ ఊరు చిప్రోవ్‌త్సీలో ఆమె అంత బిగువుగా నేసేవాళ్లు ఇంకొకరు లేరు. ఊళ్లో సగం ఇళ్లలో నేల మీద పరిచి ఉన్నవి ఆమె చేతి తివాచీలే.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఉదయం తొమ్మిదయినా ఆమె పొగగొట్టం నుంచి పొగ రాలేదు. మాది పక్కిల్లు. మనసు కీడు శంకించి వెళ్లాను. పడకగదికీ స్నానాలగదికీ మధ్య నడవలో పిన్ని ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. కుడికాలు వంకరగా తిరిగిపోయింది. కాళ్ల కింది తివాచీ జారి, గోడ వారన కుప్పపడి ఉంది. తెల్లవారుజామున లేచిందట. అప్పటినుంచీ అలాగే ఉంది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాను.

"దీపం వేసుకోలేదా పిన్నీ?"

"నా ఇంట్లో నాకు దీపమెందుకే? ముందు ఆ తివాచీ మడిచి లోపల పెట్టు. అంబులెన్సు వాళ్లు చూస్తారు."

మడిచి పెట్టాను. వచ్చినవాళ్లతో ఆమె, "పెరట్లో మంచు మీద జారాను బాబూ" అంది. ఒంటి మీద పొడి రాత్రిగౌను, ఒక కాలికే ఉన్ని చెప్పు. అంబులెన్సు అతను ఆమెను ఎగాదిగా చూసి, స్ట్రెచర్ దించాడు.

తుంటి ఎముక విరిగింది. పట్నంలో ఆపరేషన్ అయ్యాక, ఏప్రిల్‌లో నడక చట్రం పట్టుకుని ఇంటికి వచ్చింది. చూడవచ్చిన వాళ్లందరికీ మంచు కథే. చెప్పినకొద్దీ ఆ మంచు మందం పెరిగేది.

"నిజం చెప్తే ఏం పోతుంది పిన్నీ?" అన్నాను ఒకరోజు.

"నా నేతే నన్ను పడేసిందంటే నవ్వరూ? మంచు మీద ఎవరైనా జారతారు. ఇంట్లో పడ్డానంటే మాత్రం ముసలిదైపోయిందంటారు."

మే నెలలో పెట్కానా చెయ్యి విరిగింది. ఆమె, పిన్ని చిన్నప్పుడు ఒకే మగ్గం మీద పని నేర్చుకున్నారు. పిన్నీ నేనూ చూడ్డానికి వెళ్లాం. మణికట్టుకు కట్టుతో పెట్కానా మంచం మీద కూర్చుని ఉంది.

"బయట మెట్ల మీద జారానే. వానకి తడిసి ఉన్నాయి" అంది.

పిన్ని నేలకేసి చూస్తోంది. మంచం పక్కన ఎరుపూ నలుపూ కలిసిన తివాచీ ఏటవాలుగా పడి ఉంది. పిన్ని నేసిందే.

"వానా? వాన ఎప్పుడు కురిసిందే?"

"మీ పెరట్లో మంచు కురిసిన రోజునే" అంది పెట్కానా.

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే పిన్ని కళ్లు నిండాయి.

"దీని మీదేనా?"

"మరి దేని మీద? చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలా."

ఆ ఆదివారం గ్రంథాలయం హాల్లో నేతగత్తెలందరూ చేరారు. ఆమె చట్రం పట్టుకుని లేచి నిలబడింది. "ఫిబ్రవరిలో మా పెరట్లో మంచు లేదు. నేను నేసిన తివాచీ మీదే జారాను" అంది. తర్వాత ఒకామె, పోయిన ఏడు వంటింట్లో స్టూలెక్కి పడ్డానంది. ఇంకొకామె స్నానపుతొట్టి అంచు దాటుతూ పడిందట. కొండదారుల్లో పడినవాళ్లు ఆ హాల్లో ఒక్కరూ లేరు. అందరూ పడింది రోజూ నడిచే చోటనే.

ఆ వేసవి అంతా పిన్ని ఇల్లిల్లూ తిరిగింది. సంచీ మోసింది నేను. అందులో తివాచీని జారనివ్వని రబ్బరు వలచుట్ట, కత్తెర. "ఇది నేను నేసింది. దీని అడుగున నాకు కొంచెం పని మిగిలిపోయింది" అంటూ లోపలికి వెళ్లేది. నేను వంగి తివాచీ కింద వల పరిస్తే, ఆమె కాలితో నొక్కి చూసేది. కొందరు తివాచీ తీసి గోడకు తగిలించారు. వడ్రంగి మ్లాడెన్ స్నానాలగదుల్లో పట్టుకోవడానికి కమ్మీలు బిగించాడు.

గనిలో పనిచేసి రిటైరైన దిమో మాత్రం గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "నలభై ఏళ్లు భూమి లోపల తిరిగినోణ్ణి. నా ఇంట్లో నడవడం నువ్వు నేర్పుతావా?"

"గనిలోకి దీపం పెట్టుకునే దిగావు కదయ్యా! ఇంట్లో చీకట్లో తడుముకోవడం దేనికి?"

మంచం దగ్గర దీపానికి ఒప్పుకున్నాడు. కమ్మీ వద్దంటే వద్దన్నాడు.

సెప్టెంబరులో దిమో స్నానాలగదిలో జారాడు. ఎముకలు విరగలేదు గానీ పక్కటెముకలు కమిలిపోయాయి. పిన్ని చిక్కుడుగింజల పులుసు పట్టుకుని, మ్లాడెన్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. 'నేను చెప్పలేదా' అనే మాట ఆమె నోట రాలేదు. మ్లాడెన్ గోడకు రంధ్రాలు వేస్తుంటే దిమో పులుసు తింటూ గొణిగాడు.

"ఎక్కడ పడ్డావని అడిగితే నలుగురికీ ఏం చెప్పమంటావ్?"

"స్నానాలగదిలో అని చెప్పు" అంది పిన్ని. "తినెయ్, చల్లారిపోతోంది."