కంపకు వేలాడిన తొండ

చోళపురం గురువమ్మాళ్‌కు మొన్నమొన్నటి దాకా భయమంటే ఏమిటో తెలియదు. పత్తిచేలో నాగుపాము అడ్డం వస్తే "పోవయ్యా, నీ దోవన నువ్వు పో" అని పక్కకు జరిగి కలుపు తీసిన మనిషి. కోడలు జీవితకు వరసగా రెండు కడుపులు పోయాక మాత్రం ఆమెకు పిల్లి ఎదురొచ్చినా గుండె దడే. ఇప్పుడు మూడోసారి, ఏడో నెల.

ఎండలు మొదలయ్యే పంగుని నెలలో ఒకనాటి పొద్దున పెరటి ముళ్ళకంపకు తొండ వేలాడుతూ కనిపించింది. మెడలో ముల్లు దిగి ఉంది. మర్నాడు రెండు మిడతలు, ఆ మర్నాడు ఈకలైనా రాని పిచ్చుకపిల్ల. ముళ్ళు గుచ్చిన నిమ్మకాయ గడపలో పడితేనే సెయ్‌వినై, చేతబడి అని హడలిపోయే ఊరు అది. ప్రాణమున్న వాటినే గుచ్చారంటే ఎంత కసి ఉండాలి?

నాలుగోనాడు ఆ కంపలో చెయ్యి పెట్టిన మనిషిని కళ్ళారా చూసింది. పక్కింట్లో ఉండే బావగారి భార్య, మూక్కమ్మాళ్. పిల్లలు లేని మనిషి. భయపడ్డవాళ్ళకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కోడలికి గాజులు తొడిగే వళైకాప్పుకు ఊరంతటినీ పిలిచింది గానీ, ఆ ఒక్క గడప తొక్కలేదు.

వేడుకైన మర్నాడు కంపను నరికేద్దామని కత్తి పట్టుకుని వెళ్ళింది. కొమ్మల నడుమ ఒక గూడు, అందులో గుడ్లు పొదుగుతూ ఒక కీచాన్ పిట్ట. దాని జతగాడు మిడతను తెచ్చి ముల్లుకు గుచ్చాడు, వంకర ముక్కుతో చీల్చాడు, పొదిగేదాని నోటికి అందించాడు. కరెంటు తీగ మీద రోజూ చూసే పిట్టే. దాని వంటిల్లు ఎక్కడో ఆమె ఏనాడూ చూడలేదు.

కత్తి అక్కడే పడేసి పక్కింటికి వెళ్ళింది. వెళ్తుంటే చేతబడి భయం పోయి, ఉత్త పుణ్యానికి అక్కను అనుమానించానేమోనని అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది.

"అక్కా, ఆ కంపలో నువ్వేమి చేస్తా ఉంటివి?"

"తీసి పారేస్తా ఉంటిని" అంది మూక్కమ్మాళ్, తలెత్తకుండా. "కడుపుతో ఉండే పిళ్ళ చూస్తే బయపడుతాదని. ఎవురో సెయ్‌వినై పెట్టినారని నాకూ బయమే."

"ఎవురూ పెట్టలేదక్కా. కీచాన్ పిట్ట. గూట్లో ఉండేదానికి మేత పెడతా ఉంది. నేను నిన్ను అనుకుంటిని."



"సరి, పోనీ" అంది మూక్కమ్మాళ్. తర్వాత, ఎక్కడ కాదంటుందోనని బెదురుతూ అడిగింది. "ఇంగ నేను వచ్చి పిళ్ళను చూడొచ్చునా?"