ర్యాండమ్ సయీద్

బాపట్ల నుంచి సిడ్నీ వచ్చి స్థిరపడ్డ సయీద్ పుట్టి బుద్ధెరిగాక మందు చుక్క ముట్టినవాడు కాదు. అయినా పోలీసుల గొట్టం ఊదడంలో గిరావీన్ పేట మొత్తం మీద అతన్ని మించిన మొనగాడు లేడు. ఈ ఊపిరి సన్నాయి మీద పెట్టుంటే ఈపాటికి కచేరీలు చేసేవాడని హారిస్ పార్క్ కిరాణా కొట్లో మనవాళ్ళు ఆటపట్టించేవారు. కారు ఆపిన ప్రతి కానిస్టేబులూ "ర్యాండమ్ చెక్, మేట్" అనేవాడు. అంటే ఫలానా వాళ్ళని ఎంచకుండా, ఎవరు దొరికితే వాళ్ళని ఆపడమన్నమాట. అలా ఎంచకుండానే ప్రతిసారీ సయీద్‌నే ఎంచేవారు. దాంతో అతనికి ర్యాండమ్ సయీద్ అన్న పేరు స్థిరపడిపోయింది.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే కంప్యూటర్లకి పిచ్చెక్కుతుందని లోకమంతా గుండెలు అరచేత పట్టుకుని ఉంది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసి ఊరుకున్న పాపానికి బ్యాంకులు తలలు బాదుకుంటున్నాయి. పారమట్టాలో ఒక బ్యాంకులో అలాంటి తప్పులు పట్టడమే సయీద్ ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఒకటే మాట వేదవాక్కు. తప్పుని మళ్ళీ జరిపించి చూపిస్తేనే తప్పు, చూపించలేకపోతే పుకారు.

ఆపినందుకు సయీద్ పెద్దగా బాధపడలేదు. బాపట్ల రోడ్డు మీద గేదెలు అడ్డం వస్తే ఆగమా, ఇదీ అంతే అనుకునేవాడు. ముల్లు గుచ్చింది కన్నకూతురు. పదహారేళ్ళ ఇఫ్రాకి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఓ సాయంత్రం సయీద్ గొట్టం ఊది, కారు మళ్ళీ కదిలించాక, వెనక సీట్లోంచి అడిగింది.

"వాట్ డిడ్ యూ డూ దిస్ టైమ్, డాడ్?"

ఈసారి ఏం చేశావని!

"నేనేం చెయ్యలేదమ్మా."

"కమాన్ డాడ్. కాప్స్ డోంట్ స్టాప్ పీపుల్ ఫర్ నథింగ్."

ఆ పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది. నమ్మలేదు. ప్రపంచం మొత్తం దొంగ అన్నా దులిపేసుకునేవాడే గానీ, కూతురు అలా అనుకుంటోందంటే సయీద్‌కి ఆ పూట ముద్ద దిగలేదు. రుజువు చెయ్యాలి, అదీ ఆ పిల్ల కళ్ళెదుట చెయ్యాలి అని పట్టుపట్టాడు.

"పోలీసోళ్ళతో మనకెందుకండీ? ఊదమంటే ఊదండి. పోయేదేముంది, గాలేగా!" అంది భార్య హఫీజా.

కిందటిసారి ఆపినప్పుడు వెనక దీపం వెలగడం లేదన్నారు. నిజమే, వెలగడం లేదు. సయీద్ కావాలనే బాగుచేయించలేదు. బ్యాంకులో పక్క సీటు గ్రెగ్ తెల్లవాడు, అడిగిందే తడవుగా సాయం చేసే రకం. ఆ కారునే, ఆ దీపంతోనే, ఆ దారిలోనే కొన్నాళ్ళు నడపమని అతనికిచ్చాడు. గ్రెగ్‌ని ఆపిన నాథుడు లేడు. పైగా ఒక పోలీసు చెయ్యూపి పలకరించాడట.

దొరికిందిరా రుజువు అనుకుని సయీద్ స్టేషన్‌కి పరిగెత్తాడు. అక్కడి సార్జంట్ పెద్దమనిషి. టీ ఇప్పించి, మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. విని కలం తీశాడు.

"అయితే దీపం లేని కారు నడిపాడని ఈ గ్రెగ్ మీద ఫిర్యాదు ఇస్తున్నారన్నమాట. ఇంటిపేరేమిటి?"

సయీద్‌కి టీ గొంతులో అడ్డం పడింది. "అబ్బెబ్బే! అసలు గ్రెగ్ అనేవాడే లేడండీ" అని తన ఏకైక సాక్షిని తన నోటితోనే చంపేసి బయటపడ్డాడు. ఇంటికొస్తుంటే విషయం బోధపడింది. ఆపినవాళ్ళ లెక్క పోలీసుల దగ్గర ఉంటుంది. ఆపకుండా వదిలేసినవాళ్ళ లెక్క ఆ దేవుడి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు.

పక్కింటి డాక్టర్ ద్వారకానాథ్ వరంగల్ మనిషి, ఇక్కడికొచ్చి చాలాకాలమైంది. కథంతా విని తేల్చేశాడు.

"సయీద్ భాయ్, ఆళ్ళకు ఒక్క సాకు గూడ దొరకొద్దు. బండి పెండ్లిపిలగాని లెక్క ఉండాలె. నేను పక్కల కూసుంట సాక్షిగ. అప్పుడు గూడ ఆపిన్రంటే ఇగ మాటనే లేదు."

దీపాలు మార్పించారు, టైర్లు మార్పించారు, కారు తళతళలాడేలా కడిగించారు. ఆదివారం ద్వారకానాథ్‌ని పక్కన, ఇఫ్రాని వెనక కూర్చోబెట్టుకుని సయీద్ బయల్దేరాడు. స్పీడు గీత దాటలేదు. చివరికి రోడ్డు పక్క కాచుకున్న పోలీసు చెయ్యి ఎత్తనే ఎత్తాడు.

"ఆపాడు! ఆపాడు!" అని సయీద్ మేనమామ రైలు దిగినంత సంబరపడ్డాడు. అద్దం దించి, ఛాతీ విరుచుకుని, "ఎందుకు ఆపారో కాస్త గట్టిగా చెప్పండి సార్, మా అమ్మాయి వినాలి" అన్నాడు.

కానిస్టేబుల్ మర్యాదగా కారు ముందుకి తీసుకెళ్ళి చూపించాడు. నంబర్ ప్లేటు మీద దండలా ఒక నిమ్మకాయ, దాని కింద పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. చివరి రెండంకెలు వాటి వెనక మాయమయ్యాయి.

ద్వారకానాథ్ నెత్తి కొట్టుకున్నాడు. "మా వసుంధర!"

ద్వారకానాథ్ భార్య, ఆ మహాతల్లి, వీళ్ళు చెప్పులు వేసుకునే సందులో వచ్చి కట్టేసి వెళ్ళిందట. తర్వాత అడిగితే, "పాపం, అన్నకు పోలీసోళ్ళ దిష్టి తగలొద్దని కట్టిన గదా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండంకెలు లేవని బ్యాంకుల కొంప మునుగుతుంటే, రెండంకెలు కనపడక సయీద్ రుజువు మునిగింది. సయీద్‌ని ఇన్నిసార్లు ఆపారు గానీ, పూర్తి న్యాయంగా ఆపింది ఆ ఒక్కసారే. ఎలాగూ ఆపాం కదా అని కానిస్టేబుల్ గొట్టం కూడా చాపాడు. సయీద్ ఊదాడు. వెనక సీట్లో ఇఫ్రా పొట్ట పట్టుకుని నవ్వింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరుకీ పిచ్చెక్కలేదు. ఇఫ్రాకి పదిహేడు నిండి లైసెన్సు వచ్చింది. మొదటిసారి ఒంటరిగా కారు తీసుకెళ్ళి, చెప్పిన వేళకన్నా బాగా ఆలస్యంగా తిరిగొచ్చింది. ఇంజను ఆపింది గానీ దిగలేదు. స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. లైసెన్సు డ్యాష్‌బోర్డు మీదే ఉంది.

సయీద్ అద్దం దగ్గరికి వెళ్ళాడు. "ఆపారా?"

పిల్ల తలూపింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. నంబర్ ప్లేటు కడిగిన కంచంలా ఉంది. తప్పు మళ్ళీ జరిగింది, ఈసారి సాకు కూడా లేదు. ఇన్నాళ్ళూ వెతికిన రుజువు కళ్ళెదుట కూర్చుని ఉంటే, ఇది ఎప్పటికీ పుకారుగానే ఉండిపోకూడదా అనుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ హఫీజా కూడా గాలేగా అనలేదు.

ఇఫ్రా తలెత్తింది. ఎప్పుడూ ఇంగ్లీషే వచ్చే ఆ నోట తెలుగు వచ్చింది.

"నేనేం చెయ్యలేదు నాన్నా."

"తెలుసమ్మా" అన్నాడు సయీద్.